పరిహారం ఇచ్చినంత మాత్రాన బాధ్యత తీరదు

విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్‌లో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. దాన్ని కోవిడ్ లాక్‌డౌన్ తెచ్చిపెట్టిన దురదృష్టం అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆధారాలు ఆ మాటను ఒప్పుకోవు. నిల్వ ఉన్న స్టైరీన్ తనంతట తానే గట్టిపడటం మొదలుపెడుతుంది. అప్పుడు పుట్టే వేడి ఆ చర్యను మరింత ఉరికిస్తుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, ఆ చర్యను అడ్డుకునే టీబీసీ అనే రసాయనం తగ్గిపోకుండా చూడాలి. రసాయన పరిశ్రమలో ఇది తెలియనివారు ఉండరు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నీరభ్ కుమార్ ప్రసాద్ కమిటీ విచారణలో తేలిందేమిటి? చల్లబరిచే యంత్రాలను సాయంత్రం కాగానే ఆపేసేవారు. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. పైపొర కాగిపోతున్నా కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవారికి తెలిసే వీలు లేదు. 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటున్నా ఎవరూ మోగించలేదు. ఫ్యాక్టరీ పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురంలో నిద్రపోతున్నవారికి ఊపిరాడకపోవడమే మొదటి హెచ్చరిక అయింది.

ఇందులో రాత్రి షిఫ్టులో ఉన్నవారి పొరపాటు ఎంత? ట్యాంకుకు కొలత సాధనాలు ఎన్ని ఉండాలో, యంత్రాలు ఎన్ని గంటలు నడవాలో వారు నిర్ణయించరు. ఆ నిర్ణయాలు పైన జరుగుతాయి. బాధ్యత కూడా అక్కడికే చేరాలి. 1985లో ఢిల్లీలో జరిగిన ఓలియం వాయు లీక్ కేసులో సుప్రీంకోర్టు మరుసటి ఏడాదే సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని నిలబెట్టింది. ప్రమాదకర పరిశ్రమ ఏ సాకూ చెప్పకుండా నష్టం భరించాల్సిందే. జాతీయ హరిత ట్రిబ్యునల్ విశాఖ కేసులో కంపెనీతో రూ. 50 కోట్లు జమ చేయించి, ఆ సూత్రం ప్రకారమే బాధ్యత మోపింది. ఇది గొప్ప రక్షణే. కానీ సొమ్ము ఎవరు కట్టాలో మాత్రమే అది తేలుస్తుంది, తప్పుడు నిర్ణయం ఎవరిదో తేల్చదు. భోపాల్ గ్యాస్ ప్రమాదంలో వేల ప్రాణాలు పోయిన పాతికేళ్ల తర్వాత, 2010లో, ఏడుగురు కంపెనీ అధికారులకు పడింది రెండేళ్ల శిక్ష. అంత ఆలస్యంగా వచ్చిన అంత చిన్న శిక్షకు ఏ డైరెక్టరు జడుస్తాడు?

అనుమతులిచ్చే యంత్రాంగానికీ ఇందులో వాటా ఉంది. తమకు సరైన పర్యావరణ అనుమతి లేదని 2019లో కంపెనీయే అఫిడవిట్‌లో ఒప్పుకుంది. అయినా ఉత్పత్తి ఆగలేదు. ఆ కాగితం చూసి ఊరుకున్న అధికారి కూడా జవాబు చెప్పాలి. ఇంత కఠినంగా ఉంటే పరిశ్రమలు పారిపోతాయంటారు. నిజానికి రాత్రంతా యంత్రాలు నడిపి, ఆ కరెంటు ఖర్చు భరించే కంపెనీయే, వాటిని ఆపేసి మిగుల్చుకునే కంపెనీతో పోటీలో నష్టపోతుంది. కఠినత్వం కాపాడేది మొదటిదాన్నే. ఫ్యాక్టరీ పక్కన ఇళ్లెందుకు కట్టుకున్నారన్నది మరో వాదన. ఆ ప్రశ్న లేఅవుట్లకు అనుమతులిచ్చినవారిని కూడా బోనులోకి తెస్తుందే తప్ప కంపెనీని బయటపడేయదు. ఊరు దగ్గరయ్యేకొద్దీ జాగ్రత్త పెరగాలి. ప్రమాదకర రసాయనమున్న ప్రతి ట్యాంకుకూ దాని భద్రతా నిర్ణయాలపై సంతకం చేసిన అధికారి పేరు, చివరి తనిఖీ నివేదిక ఫ్యాక్టరీ గేటు దగ్గర, పంచాయతీ లేదా వార్డు కార్యాలయంలో తెలుగులో ప్రదర్శించాలని చట్టం చేయాలి.