బీడు పెట్టిన పోడు ఎవరిది?

అయ్యా,

పోడు పట్టాలను గూర్చి మీ పత్రికలో వచ్చు వార్తలు చదువుచున్నాను. బళ్ళారి సరిహద్దున తుంగభద్ర ఒడ్డున నుండు మాబోటివారికి కొండ సేద్యముతో పనియేమని కొందరడుగవచ్చును. ముప్పది యేండ్లు భూమి లెక్కలు వ్రాసిన గుమాస్తాను గనుక, లెక్కలో తప్పు కనబడగా ఊరకుండలేక వ్రాయుచున్నాను.

మా వైపు రైతు తన చేను మూడేండ్లు బీడు పెట్టినను పహణీలో అతని పేరు చెరగదు. పంట గడిలో 'బీడు' అని వ్రాసెదము, అంతే. పాపికొండల ప్రాంతపు కొండరెడ్లు కూడ ఒకచోట రెండు మూడేండ్లు పోడు చేసి, సారము తగ్గగానే విడిచి, చెట్టుచేమ మరల పెరిగిన పిమ్మట అచ్చటికే తిరిగి వచ్చెడివారు. గూడెపు హద్దులోని కొండ గూడెము వారందరిదని హైమెండార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథములో వివరించినాడు. కాని 1882 నాటి మద్రాసు అడవుల చట్టము వచ్చినది మొదలు సర్కారు ఆ బీడును చూచి 'అడవి' అని వ్రాసికొన్నది. 1922లో మన్యము జనము అల్లూరి సీతారామరాజు వెంట నడచుటకు అడవి నిర్బంధములు ఒక ముఖ్య కారణము.

ఈ అన్యాయమును దిద్దుటకే 2006లో అటవీ హక్కుల చట్టము చేసిరి. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరములకు పైగా పోడు పట్టాలిచ్చినది. సంతోషమే. అయితే ఈ పట్టా 2005 డిసెంబరు 13 నాటికి సాగులో నున్న తునకకే, అదియు 4 హెక్టార్లకు మించరాదు. ఒక్క తునకలోనే ఏటేట సాగుచేసినచో కొండవాలు మన్ను వానకు కొట్టుకొనిపోవును. అప్పుడు కొండవాడే అడవిని పాడుచేసెనందురు.

అదే చట్టము 3వ సెక్షనులో, గ్రామమంతయు తన పూర్వపు హద్దులోని అడవిని కాపాడుకొని నిర్వహించుకొను హక్కు కలదు. వ్యక్తి పట్టాలకు సభలు, ఫోటోలు జరుగుచున్నవి గాని ఈ ఉమ్మడి హక్కు మాట అరుదుగా వినబడును. ఆధారము లేదనుటకు వీలులేదు. పెద్దల నోటిమాట వ్రాసికొన్నను సాక్ష్యమేనని నిబంధనలలో నున్నది. (నేనును సర్వీసులో ఒక ముసలివాని మాటకు కాగితము లేదని అర్జీ త్రిప్పి పంపితిని. అది ఇప్పటికిని నా మనస్సులో నున్నది.)

కావున రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు గ్రామసభలచేత గూడెముల హద్దులు వ్రాయించి, ఉమ్మడి హక్కు పత్రములు త్వరలో ఇప్పించవలెనని కోరుచున్నాను. ఆ రిజిస్టరులో 'బీడు' అను గడి ఒకటి తప్పక పెట్టించవలెను.

ఇట్లు,
విశ్రాంత గుమాస్తా,
కెంచనగుడ్డ (బళ్ళారి జిల్లా)