గ్యాస్ మాత్రే కదా అనుకోవద్దు!

పరగడుపున ఒక గ్యాస్ మాత్ర... చాలా ఇళ్లలో రోజు మొదలయ్యేది దీంతోనే. నిజానికి ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటివి షెడ్యూల్ హెచ్ మందులు. అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలి. అయినా పేరు చెబితే చాలు, మందుల షాపులో చేతికొచ్చేస్తాయి. ఈ అలవాటుతో అసలు చిక్కు కడుపులో కాదు, కాలేయంలో ఉంది.

ఈ మందులు జీర్ణాశయంలో ఆమ్లాన్ని వదిలే ‘పంపు’లను మూసేస్తాయి. మిగిలిన మందును కాలేయం విడగొట్టి బయటకు పంపుతుంది. ఇందులో కీలకమైంది సీవైపీ2సీ19 అనే ఎంజైమ్. ఇది అందరిలో ఒకేలా పనిచేయదు. పుట్టుకతో వచ్చిన జన్యువులను బట్టి కొందరిలో చురుగ్గా ఉంటుంది. వారిలో మందు త్వరగా విరిగిపోయి, మంట పూర్తిగా తగ్గకపోవచ్చు. కొందరిలో మందకొడిగా ఉంటుంది. వారి రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది.

గుండెకు స్టెంట్ వేసినవారు వాడే క్లోపిడోగ్రెల్‌కూ ఈ ఎంజైమే కావాలి. అది మింగగానే పనిచేసే మందు కాదు. కాలేయంలో మార్పు చెందాకే రక్తం గడ్డకట్టకుండా అడ్డుకుంటుంది. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఈ ఎంజైమ్‌ను అణచేస్తాయి. దాంతో గుండె మందు బలం తగ్గుతుంది. అందుకే క్లోపిడోగ్రెల్‌తో పాటు ఒమెప్రజోల్ వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2009లోనే హెచ్చరించింది. పాంటాప్రజోల్ ప్రభావం దీనిపై తక్కువ.

అలాగని భయపడి గ్యాస్ మాత్ర మానేయడమూ ప్రమాదమే. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి వాడేవారిలో కడుపులో రక్తస్రావం కాకుండా కాపాడటానికే డాక్టర్లు చాలాసార్లు దీన్ని రాస్తారు. కాబట్టి తేల్చుకోవాల్సింది మాత్ర వేసుకోవాలా వద్దా అని కాదు, ఏ మాత్ర, ఎన్నాళ్లు అని.

మీరేం చేయాలి?

* బ్రాండ్ పేరు కాదు, స్ట్రిప్‌పై మందు పేరు చూడండి. షాపులో వేరే కంపెనీది ఇస్తే లోపల ఉన్నది అదే మందో కాదో సరిచూసుకోండి.

* గుండె డాక్టర్‌ దగ్గరికి వెళ్లినప్పుడు గ్యాస్ మాత్ర సంగతీ చెప్పండి. ‘అది చిన్న మాత్రేలే’ అని దాచొద్దు.

* మంట తగ్గలేదని సొంతంగా మోతాదు పెంచొద్దు. ఏళ్ల తరబడి వాడుతుంటే ఇంకా అవసరమా అని డాక్టర్‌ను అడగండి.

ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఈరోజే ఒకసారి తెరిచి చూడండి. క్లోపిడోగ్రెల్ పక్కన ఒమెప్రజోల్ లేదా ఎసోమెప్రజోల్ కనిపిస్తే, ఏదీ ఆపకుండా ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి.