పరుగు పందెంలో వారికీ చోటివ్వాలి



వార్షికోత్సవం అనగానే మనకు ఆటల పోటీలే గుర్తొస్తాయి. కానీ పేస్‌మేకర్ పెట్టించుకున్న విద్యార్థి ఉంటే "నువ్వు కూర్చో, మా చెప్పులు చూసుకో" అని ప్రేమతోనే పక్కన పెడతాం. ఇది సరికాదని నా అభిప్రాయం. నిర్ణయించాల్సింది డాక్టరు, మన భయం కాదు.

పేస్‌మేకర్ ఒక చిన్న పరికరం. మెడ ఎముక కింద చర్మం లోపల అమరుస్తారు. గుండె నెమ్మదిస్తే సన్నని తీగ ద్వారా విద్యుత్తు పంపి కొట్టుకునేలా చేస్తుంది. నేటి పరికరాలు చాలావరకు ఒంటి కదలికను గుర్తించి, పరుగుకు తగ్గట్టు గుండె వేగాన్ని పెంచుతాయి. 1958లో స్వీడన్‌లో మొట్టమొదట దీన్ని శరీరం లోపల పెట్టించుకున్న ఆర్నె లార్సన్ 86 ఏళ్లు జీవించి 2001లో మరణించారు.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ఆ వైపు చేత్తో బరువులెత్తరాదు. ఛాతీకి దెబ్బ తగిలే కబడ్డీ వద్దు. డాక్టరు సరేనంటే ముందు నడక, తర్వాత మెల్లగా పరుగు. కళ్లు తిరిగితే వెంటనే ఆగి వార్డెన్ సారుకు చెప్పాలి.

మన సోమేశ్వరస్వామి గుట్ట మెట్లు అందరం ఒకే వేగంతో ఎక్కుతామా? ఆయాసం వచ్చినవాడు కాసేపు కూర్చుని మళ్లీ ఎక్కుతాడు. వాడికీ దర్శనం అవుతుంది. తొలి పందెంలో చివరగా వచ్చే మిత్రుడు గీత దాటేదాకా మనం మైదానం వదిలి వెళ్లొద్దు.