బొబ్బిలి ఖర్చు ఎవరి పద్దులో రాశారు?

బొబ్బిలి యుద్ధమంటే మనకు తాండ్ర పాపారాయుడి రోషం, బొబ్బిలి రాజు రంగారావు పట్టుదల, విజయనగరం రాజు విజయరామరాజు పగ. 1757 జనవరి 24న కోటను కూల్చిన ఫిరంగులకు మందు ఎక్కడిది, సిపాయిలకు జీతం ఎవరిచ్చారు అన్నది బుర్రకథకు అడ్డొస్తుందేమో, ఎవరూ అడగరు.

1753లో నిజాం సలాబత్ జంగ్ శ్రీకాకుళంతో సహా నాలుగు సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. తన గద్దెకు కాపలా కాస్తున్న ఫ్రెంచి పటాలానికి జీతాలు చెల్లించడం కోసం. ఇక్కడి రైతు శిస్తు పటాలాన్ని మేపుతుంది, ఆ పటాలాన్ని చూపే శిస్తు వసూలవుతుంది. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కార్లను ఇజారాకు పుచ్చుకున్న విజయరామరాజు తన పాత పగకు బుస్సీ ఫిరంగులను వాడుకున్నాడు. మూడు రాత్రులు గడవకముందే తానూ హతమయ్యాడు. పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు, ఇక్కడ పిల్లికి జీతం కూడా ముట్టింది.

తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచివారిని వదిలించుకోవడానికి ఇంగ్లీషు కంపెనీని పిలిచాడు. 1758లో కర్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి పటాలంతో దిగాడు. సైన్యం ఖర్చుకు నెలకు 50 వేల రూపాయలు రాజు కట్టాలని ఒప్పందం. చందుర్తిలో గెలిచాక, ఆ డబ్బు మీద పేచీతో సైన్యం వారాల తరబడి ముందుకు కదల్లేదు. 1794లో పద్మనాభంలో విజయనగరం రాజును చంపింది కూడా ఆ కంపెనీ సైన్యమే. సాకు పేష్కష్ బకాయి.

పోరు ఉంటేనే డబ్బు కదిలే ఏర్పాటు కంపెనీలతోనే పోలేదు. 1967లో లేవిడిలో భూస్వాముల తూటాలకు ఇద్దరు గిరిజనులు కూలిన నాటి నుంచి మన శ్రీకాకుళం ఏజెన్సీ తుపాకుల మధ్య నలిగింది. వామపక్ష తీవ్రవాద ప్రభావిత జాబితాలో ఉన్న జిల్లాలకు భద్రత ఖర్చును కేంద్రం తిరిగి చెల్లిస్తుంది. ఒకప్పుడు 126 జిల్లాలున్న ఆ జాబితా 2024కి 38కి తగ్గింది. మంచిదే. కానీ ఈ పథకంలో అర్హతకు కొలత అశాంతి. ఊరు సద్దుమణిగితే అర్హత పోతుంది. పోలీసులను బుస్సీతో పోల్చడం లేదు. ప్రాణాలు పోగొట్టుకున్న కానిస్టేబుళ్లలోనూ పేదింటి బిడ్డలే ఎక్కువ. మా అభ్యంతరం పద్దు రాసే తీరు మీద.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పేరిట ఇన్నేళ్లుగా భద్రత పద్దు కింద వచ్చిందెంత, దేనికి ఖర్చయిందో రాష్ట్ర ప్రభుత్వం వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే సభ ముందు పెట్టాలి. జాబితా నుంచి బయటపడిన జిల్లాకు అంతే మొత్తం కనీసం పదేళ్లపాటు సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల చేతికి రావాలి. గర్భిణిని ఇంకా డోలీలో దించుతున్న కొండ ఊళ్ల రోడ్లకు, గిరిజన భూములను కాపాడే 1/70 చట్టం కింద నలుగుతున్న భూ తగాదాల పరిష్కారానికి అది ఖర్చు కావాలి. రహస్యమన్న సాకు చెల్లదు. మేం అడుగుతున్నది కూంబింగ్ వివరాలు కాదు, జమా ఖర్చులు.