కొత్త నర్సు బయోడేటా: ఉన్నది వ్రాస్తే చాలు

మన ఏర్పేడు, శ్రీకాళహస్తి, రేణిగుంట ప్రాంతాల బిడ్డలు ఎందరో జి.ఎన్.ఎం., బి.ఎస్సీ. నర్సింగ్ చదువుతున్నారు. తల్లిదండ్రులు అప్పోసప్పో చేసి చదివిస్తున్నారు. చదువు ముగిశాక ఉద్యోగానికి మొదటి మెట్టు బయోడేటా. చాలామంది దీనిని డి.టి.పి. షాపు పనిగా వదిలేస్తున్నారు. ఒకే నమూనాలో పేర్లు మార్చి అచ్చు తీయించుకుంటున్నారు. ఇంకా విచారకరమైనది, చేయని ఉద్యోగానికి "ఒక సంవత్సరం అనుభవం" అని వ్రాయించుకోవడం. "అందరూ వ్రాసేదే కదా" అని కొందరు పెద్దలే చెబుతున్నారు. ఇది మానుకోవాలని నా మనవి.

బయోడేటా చూసే డ్యూటీ వేస్తారు. వెంటిలేటర్ తెలుసునని వ్రాసిన అమ్మాయికి ఐ.సి.యు.లో రాత్రి డ్యూటీ ఇచ్చారనుకోండి. అలారం మోగినప్పుడు ఆమెకు ఏమి చేయాలో తోచకపోతే నష్టపోయేది మంచం మీది రోగి. ఆ రోగి మన ఇంటివారే కావచ్చు. "కొత్తదాన్ని, నేర్చుకుంటాను" అని వ్రాసి ఉంటే పక్కన సీనియర్ సిస్టర్‌ను ఉంచేవారు.

మరి కొత్తవారు ఏమి వ్రాయాలి? వేలూరు సి.ఎం.సి.లో 1909లో నర్సుల శిక్షణ మొదలైనది మొదలు నేటి వరకు ఈ విద్య రోగి మంచం దగ్గరే నేర్పబడుతోంది. కనుక మీ శిక్షణ కాలమే చూపదగిన అనుభవం. దానిని రెండు పేజీలు మించకుండా ఇలా వ్రాయండి:

1. కోర్సు, కళాశాల, పూర్తయిన సంవత్సరం, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు. నంబరు రాకపోతే "దరఖాస్తు చేశాను" అని వ్రాయండి.
2. ఏ వార్డులో ఎన్ని వారాలు పనిచేశారు, ఆ ఆసుపత్రిలో ఎన్ని పడకలు ఉన్నాయి.
3. స్వయంగా చేసిన పనులు (ఇంజెక్షన్, డ్రెస్సింగ్, కాథెటర్) వేరుగా, కేవలం చూసినవి వేరుగా.
4. వచ్చిన భాషలు. నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే రోగులు ఉంటారు. తెలుగుతో పాటు తమిళం రావడం చిన్న విషయం కాదు.
5. మీ పని చూసిన వార్డు సిస్టర్ లేక టీచర్ పేరు, వారి అనుమతితో.

ఆధార్ నంబరు, కులం, తల్లిదండ్రుల ఆదాయం వ్రాయనవసరం లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, నకళ్లు మాత్రమే ఇవ్వండి.

గల్ఫ్ వెళ్లాలనుకునేవారు ఒకటి గమనించాలి. అక్కడ లైసెన్సు ఇచ్చే ముందు సర్టిఫికెట్లు ఇచ్చిన సంస్థనే అడిగి సరిచూస్తారు. దొంగ అనుభవ పత్రం అక్కడ బయటపడితే, దానికి కట్టిన డబ్బుతో పాటు భవిష్యత్తు కూడా పోతుంది.

అనుభవం లేనిదే తీసుకోమనే ఆసుపత్రులకూ ఇందులో బాధ్యత ఉంది. కొత్తవారికి మొదటి కొన్ని నెలలు సీనియర్ల పక్కన పని నేర్పితే అబద్ధం వ్రాసే అవసరమే రాదు.

తల్లిదండ్రులారా, బయోడేటా పంపే ముందు మీ బిడ్డ చేత ఒక్కో వరుస చదివించి, "ఇది నువ్వు చేశావా?" అని అడగండి. చేశానని ధైర్యంగా చెప్పగలిగినవి మాత్రమే ఉంచండి.