ఎదుగు బిడ్డలు – తరుగు పల్లెలు

బాల్యము దాటి పెద్దవాడగుచున్న బాలుని గూర్చియు, అదే కాలమున క్షీణించుచున్న అతని ఊరిని గూర్చియు వ్రాయబడిన కథలు అనేక భాషలలో కలవు. వాని నడక చాలవరకు ఒక్కటే. చెరువు ఎండును, అంగళ్లు మూతపడును, బాలుడు చదువుకొని బస్సెక్కును. బస్సు కదలినంతనే అతడు పెద్దవాడైనట్లును, ఊరు ముగిసినట్లును పాఠకుడు భావించును. ఇది సగము సత్యము మాత్రమే.

విభూతిభూషణ్ బందోపాధ్యాయ రచించిన ‘పథేర్ పాంచాలి’ 1929లో గ్రంథరూపమున వెలువడిన వంగ నవల. అందు అపు అను బాలుడు తల్లిదండ్రులతో పల్లె విడిచి కాశికి పోవును. అతని అక్క దుర్గ అంతకు ముందే వానలో తడిసి, జ్వరముతో మరణించును. అపు కన్నులతో లోకమును చూచుటకు అలవాటుపడిన పాఠకుడు, దుర్గ బ్రతికియున్నచో ఆమెకు ఏ దారి లభించెడిదని సాధారణముగ అడుగడు.

అచ్చట వాన వచ్చి చంపినది. రాయలసీమలో వాన రాకయే చంపును. ఇచ్చట ఊరు తరుగుటకు నీరే కొలత. కడప జిల్లాలో పులివెందులకు సమీపమున నున్న తుమ్మలపల్లె ప్రాంతమునే చూడుడు. వేరుసెనగ వానను నమ్ముకొన్న పంట. అరటి, చీనీ తోటలు బోరునీటిని నమ్ముకొన్నవి. ఇట్టి సీమలో పిల్లవాడు పెద్దవాడగునది బస్సు మెట్టుపై కాదు, బోరుబండి ప్రక్కన. కొబ్బరికాయను అరచేత నిలిపి నీటిజాడ చెప్పువాడు గుర్తు పెట్టిన చోట రాత్రియంతయు ఆ బండి రొద చేయును. పిల్లలు నిద్ర మాని చూచుచుందురు. తడిమన్ను పైకి వచ్చినచో తోట బ్రతుకును. తెల్లవారువరకు పొడిదుమ్మే లేచినచో తండ్రి తువాలు దులిపి భుజముపై వేసికొని, మారుమాటాడక ఇంటిదారి పట్టును. అప్పు ఎంతయైనదని ఆ బాలుడు అడుగడు. అడుగకుండుటయే అతడు పెద్దవాడైన గురుతు.

తుమ్మలపల్లె కథకునికి ఇంకొక చిక్కును కూడ పెట్టుచున్నది. ఆ నేల క్రింద యురేనియము కలదు. అది దొరకు రాతిపొరకు భూగర్భశాస్త్రజ్ఞులు పొరుగున నున్న వేంపల్లె పేరే పెట్టిరి. 2007లో గనికిని, శుద్ధికర్మాగారమునకును శంకుస్థాపన జరిగెను. 2012లో కర్మాగారము పని ప్రారంభించెను. కొందరికి ఉద్యోగములు లభించినవి. వ్యర్థములు నిలువచేయు చెరువు వలన భూగర్భజలము చెడి, తోటలు పాడైనవని చుట్టుపట్ల రైతులు మొరపెట్టుకొనిరి. సంస్థ దాని నంగీకరింపలేదు. తండ్రి తోటకై వగచుచుండగా కుమారుడు గనిలో పనిచేసి జీతము తెచ్చు ఇంట క్షీణించినదేది, ఎదిగినదేది? పాత కథల అచ్చులో ఈ ఇల్లు ఇమడదు.

ఈ సీమకు కథకులు కొరతపడలేదు. పల్లె బ్రతుకును దగ్గరనుండి ఎరిగి వ్రాసిన కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లావారే. 1996లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. ఆ అకాడమి యువ పురస్కారములు 2011లో వేంపల్లి గంగాధర్‌కును, 2012లో ‘జుమ్మా’ కథాసంపుటికిగాను వేంపల్లె షరీఫ్‌కును దక్కినవి. రాతిపొరకు పేరిచ్చిన చిన్న ఊరే ఈ ఇద్దరు రచయితలకును ఇంటిపేరువలె నిలిచినది.

ఊరు విడుచుట తప్పనుట న్యాయము కాదు. నీరులేని నేలపై బిడ్డలను కట్టివేయుట దయయు కాదు. అయినను బెంగళూరు, హైదరాబాదు, కువైటు చేరినవారి తలపోతలే ఊరి కథయనుట సరికాదు. వారికి ఊరిపై బెంగయు, దానిని వ్రాయు తీరికయు కొంత ఉండును. ఉండిపోయినవారికి ఆ తీరిక ఏది? తమ్ముని చదువుకై తాను బడి మాని, నీటి ట్యాంకరు వచ్చు వేళకు బిందెలు వరుసపెట్టి కూర్చుండు అక్కయు పెరుగుచునే యున్నది. తమ్ముడు ఎక్కిన బస్సు రేపిన దుమ్ము అణగిన పిమ్మట ఆమె ఆ బిందె నెత్తుకొని ఇంటికి పోవలసియున్నది. అచ్చట ఆమెకును తండ్రికిని నడుమ జరుగు మాటలను ఏ కథయు ఇంకను చాలినంతగా వినలేదు.