వెనక వరుస పిల్లలకూ యోగా

జూన్ 21 వస్తోందంటే మన బడుల్లో రెండు పనులు తప్పవు. మైదానంలో సున్నంతో గీతలు గీయడం ఒకటి, ఫోటో కోసం వరుసలు కట్టించడం రెండోది. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న తీర్మానం చేసింది. మరుసటి ఏడు నుంచి ఈ రోజు అంతర్జాతీయ యోగా దినమైంది. అప్పటినుంచీ ఏటా ఇదే తంతు. ఆ వరుసలను ఈసారి కాస్త పరిశీలనగా చూడండి. ముందు నిలబడేది రివటల్లాంటి పిల్లలు. ఒళ్లున్న పిల్లలు వెనక వరుసలోకో, చెట్టు నీడకో, చెప్పుల కాపలాకో పోతారు. ఎవరూ పొమ్మనకపోవచ్చు. 'నీకెందుకులే అమ్మా, కష్టం, నువ్వు కూర్చో' అన్న జాలి మాట చాలు. తోటి పిల్లలకైతే ఆ జాలి కూడా ఉండదు. బొండాం, బస్తా, గున్న ఏనుగు వంటి పేర్లు సిద్ధంగా ఉంటాయి.

ఈ ఏరివేతను మేము ఒప్పుకోం. యోగా చేయాలంటే ఫలానా ఒళ్లే ఉండాలని పతంజలి ఎక్కడా చెప్పలేదు. యోగసూత్రాల్లో ఆసనాన్ని గురించి నేరుగా చెప్పినవి రెండు మూడు సూత్రాలే. నిలకడగా, హాయిగా ఉండగలగడమే వాటి సారం. మరి పుస్తకాల అట్టలమీద, గోడ పటాల్లో విల్లులా వంగి కనిపించే ఆ ఒళ్లు ఎక్కడినుంచి వచ్చింది? చాలావరకు మైసూరు నుంచి. 1930ల్లో మైసూరు మహారాజు ప్రాపకంలో తిరుమలై కృష్ణమాచార్య నడిపిన యోగశాలలో ఎక్కువగా నేర్చుకున్నది కుర్రవాళ్లు. ఊరూరా ప్రదర్శనలిచ్చిందీ వాళ్లే. ఆ కుర్రవాళ్ల ఒళ్లే తర్వాతి కాలంలో అందరికీ కొలబద్ద అయి కూర్చుంది.

అదే గురువు తర్వాత మద్రాసు చేరాక పద్ధతి మార్చుకున్నారు. వచ్చిన మనిషి వయసు, జబ్బు, బలం చూసి ఒక్కొక్కరికి ఒక్కో విధంగా చెప్పారు. ఆయన కుమారుడు దేశికాచార్ 1976లో చెన్నైలో స్థాపించిన కృష్ణమాచార్య యోగ మందిరం ఆ దారినే నడిచింది. ఆయన మరో శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ 1918లో కోలారు జిల్లా బెళ్లూరులో పుట్టారు. బాల్యమంతా రోగాలతో గడిచిన మనిషి. 1937లో పుణె వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. చెక్క దిమ్మెలు, పట్టీలు, దుప్పట్లు, కుర్చీలు, గోడకు కట్టిన తాళ్లు వాడి, వంగలేని ఒళ్లు కూడా ఆసనం వేసే మార్గం చూపారు. కోలారు, చెన్నై, పుణె మనవాళ్లు తరతరాలుగా బతుకుతున్న రాష్ట్రాల్లోవే. ఒళ్లును బట్టి ఆసనాన్ని మార్చుకోవచ్చన్న మాట మన ఇరుగుపొరుగున పుట్టింది. మన బడి గడప మాత్రం ఇంకా తొక్కలేదు.

తొక్కకపోవడానికి కారణాల్లో భాష ఒకటి. హోసూరు, డెంకణికోట వైపు బడికి వచ్చే యోగా శిక్షకుడు తమిళంలో చెబుతాడు. బళ్లారి, పావగడల్లో కన్నడం, బరంపురం, రాయగడల్లో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ. (యానాంలో ఈ బాధ లేదు. అక్కడ ఊరి మాట తెలుగే.) పెద్ద తరగతుల పిల్లలకు రాష్ట్ర భాష వచ్చు, నెట్టుకొస్తారు. మూడో తరగతి బిడ్డకు మడమ, పిక్క, తుంటి అన్నవి ఇంకా ఇంటి మాటల్లోనే తెలుసు. చెప్పేది అందకపోతే ఆ బిడ్డ చేయగలిగింది ఒక్కటే, ముందున్నవాణ్ణి చూసి చేయడం. సన్నగా ఉన్న పిల్ల అలా చూసి చేసినా పెద్దగా నష్టం లేదు. ఒళ్లున్న పిల్లకు ఉంది. ఆమె చేయవలసింది ముందున్నవాడు చేసేది కాదు, దాన్నే కొద్దిగా మార్చి. ఆ మార్పు చూస్తే తెలిసేది కాదు, ఎవరైనా చెప్పాలి. 'కాళ్లు ఎడంగా పెట్టు', 'మోకాలు కొంచెం వంచు', 'నొప్పి పుడితే ఆపెయ్' అన్న మూడు మాటలు అర్థంకాక మోకాలు నొప్పి తెచ్చుకున్న పిల్ల మళ్లీ చాప దగ్గరకు రాదు.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. మనం దాన్ని వాచకం కోసం, లెక్కల పుస్తకం కోసం అడుగుతాం. వ్యాయామం పీరియడు కోసం ఎన్నడూ అడగం. కొత్త పోస్టు మంజూరు కావాలని మేము అనడం లేదు. శిక్షకుడి పక్కన తెలుగు టీచరు ఒకరు నిలబడి ప్రతి సూచననూ పిల్లల మాటలో తిరిగి చెబితే సరిపోతుంది. అదీ పుస్తకాల తెలుగులో వద్దు. 'శ్వాసను పూరించి కటి భాగమును వంచవలెను' అంటే పిల్లలకు ఒడియా ఎంతో అదీ అంతే. 'ఊపిరి పీల్చి నడుం వంచు' అంటే చాలు.

ఇక మార్పులేమిటో కొంత వివరంగానే చెప్పుకోవాలి. చాలా బడుల్లో చేయించేది ఆయుష్ శాఖ రూపొందించిన 45 నిమిషాల ఉమ్మడి యోగా క్రమంలోని ఆసనాలే. తాడాసనంలో పాదాలు దగ్గరగా ఉండాలంటారు. తొడలు లావుగా ఉన్న బిడ్డ అలా నిలబడితే తూలుతుంది. తుంటి వెడల్పున ఎడం పెట్టుకోమంటే స్థిరంగా నిలబడుతుంది. వృక్షాసనాన్ని గోడ పక్కన చేయించాలి. పాదం తొడదాకా ఎక్కకపోతే చీలమండ దగ్గర ఆనించి, వేలి కొనలు నేలమీదే ఉంచితే చాలు. మోకాలి మీద మాత్రం ఆనించకూడదు. పాదహస్తాసనంలో చేతులు నేలకు అందకపోవడానికి బద్ధకం కారణం కాదు, మధ్యలో పొట్ట అడ్డం ఉంటుంది. కాళ్లు ఎడం చేస్తే పొట్టకు చోటు దొరుకుతుంది. మోకాళ్లు వంచి, చేతులు నేలకు బదులు కుర్చీమీద ఆనిస్తే నడుముకు శ్రమ తగ్గుతుంది. శశాంకాసనంలోనూ అంతే, మోకాళ్లు విడదీసి ముందుకు వంగాలి.

నేలమీద కూర్చోవడం దగ్గర చాలామంది ఓడిపోతారు. మన బడుల్లో ఉండేది సిమెంటు గచ్చు, దానిమీద పలచటి చాప. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి దాని అంచున కూర్చోబెడితే తుంటి కాస్త పైకి లేచి వెన్ను దానంతటదే నిలబడుతుంది. జంపఖానా అయినా పనికొస్తుంది. వజ్రాసనంలో మోకాళ్ల మీద బరువంతా పడుతుంది కాబట్టి పిక్కకూ తొడకూ మధ్య మడతపెట్టిన బట్ట పెట్టాలి, అప్పటికీ నొప్పి ఉంటే ఆ ఆసనం మానిపించాలి. భుజంగాసనం బోర్లా పడుకుని చేయలేనివాళ్లు గోడకు అరచేతులు ఆనించి నిలబడి చేయవచ్చు. శవాసనంలో మోకాళ్ల కింద దిండు పెట్టినా, పక్కకు తిరిగి పడుకున్నా తప్పులేదు. తలకిందులుగా వేసే ఆసనాలు, సర్వాంగాసనం, హలాసనం మొదలుపెట్టేవారికి వద్దు. మెడమీద అంత బరువు పెట్టే అవసరం బడికి లేదు.

పొట్ట సంగతి మరొకటి. ఒళ్లున్న పిల్లలు నలుగురిలో పొట్ట లోపలికి లాగిపెట్టి నిలబడటం అలవాటు చేసుకుంటారు. ఏళ్ల తరబడి సిగ్గుతో నేర్చుకున్న విద్య అది. అలా బిగబట్టిన పొట్టతో ఊపిరి పైపైనే ఆడుతుంది. వాళ్లకు మొదటి పాఠం ఏ ఆసనమూ కాదు, పొట్టను వదిలేయడం. వెల్లకిలా పడుకోబెట్టి పొట్టమీద చేయి పెట్టుకోమని, ఊపిరి పీలిస్తే అది లేవాలని, వదిలితే దిగాలని చెప్పాలి. ఎవరూ నవ్వని గదిలోనే ఈ పాఠం సాగుతుంది. చొక్కా పైకి లేస్తుందన్న భయంతో చేతులెత్తని ఆడపిల్లలుంటారు. వదులైన పొడుగు చొక్కా, ప్యాంటు వేసుకోనివ్వాలి. యూనిఫాం నియమం ఆ ఒక్క పీరియడుకు పక్కన పెట్టవచ్చు. నడుంమీద చేయి వేసి నొక్కి వంచే శిక్షకుల అలవాటు ఎవరి విషయంలోనూ మంచిది కాదు. చెప్పి, అడిగి, పిల్ల సరేనంటేనే ముట్టుకోవాలి.

పిల్లల మాట ఇలా ఉంటే, టీచర్ల మాట కూడా చెప్పాలి. నలభై దాటి, ఒళ్లొచ్చి, బీపీ, షుగరు మాత్రలు వేసుకునే టీచరమ్మలు, మాస్టార్లు ప్రతి బడిలోనూ ఉన్నారు. యోగా పీరియడులో వాళ్లు హాజరు పట్టీ పట్టుకుని పక్కన నిలబడతారు. వాళ్లు ఒక కుర్చీ తెచ్చుకుని వరుసలో కూర్చోవాలని మా కోరిక. కుర్చీలో కూర్చుని చేతులెత్తడం, నడుం మెల్లగా తిప్పడం, చీలమండలు ఆడించడం కూడా యోగా సాధనే. బీపీ ఉన్నవారు తల కిందికి వాల్చే ఆసనాలు, ఊపిరి బిగబట్టడం, కపాలభాతి వదిలిపెట్టాలి. మోకాళ్ల నొప్పులున్నవారు డాక్టరును ఒకమాట అడగాలి. పంతులమ్మ కుర్చీలో కూర్చుని చేస్తుంటే చూసిన పిల్ల, తానూ కుర్చీ అడగడానికి సిగ్గుపడదు.

చివరిగా బరువు గురించి. యోగా చేస్తే నెలలో సన్నబడతావని పిల్లకు ఎవరూ చెప్పకూడదు. బడిలో చేయించే మెల్లని ఆసనాలకు ఖర్చయ్యే శక్తి వడివడిగా నడిచే నడకకంటే తక్కువే. యోగా ఇచ్చేది తూలని నిలకడ, కీళ్లకు కదలిక, నిండుగా ఊపిరి, తన ఒంటితో తనకు కాస్త సఖ్యత. ఎదిగే పిల్లను తరగతి ముందు తూకం వేసి, జూన్‌లో ఇంత, డిసెంబరులో ఇంత అని బోర్డుమీద రాసే బడిలో ఆ సఖ్యత కుదరదు. బరువు ఆరోగ్య సమస్య అయితే అది తల్లిదండ్రులూ డాక్టరూ మాట్లాడుకోవలసిన సంగతి, ఆటస్థలంలో చాటవలసింది కాదు.

ప్రధానోపాధ్యాయులు ఈ నెలలోనే చేయగలిగినవి కొన్నున్నాయి. మధ్యాహ్న భోజనం తర్వాత పెట్టిన యోగా పీరియడును ఉదయానికి మార్చాలి. నిండు కడుపుతో వంగడం ఎవరికీ మంచిది కాదు. వరుసలు కట్టేటప్పుడు పొడుగు పొట్టి చూడండి, లావు సన్నం చూడకండి. తెలుగు టీచర్లు తమ ఊరి పిల్లలు మడమను, పిక్కను, తుంటిని, చీలమండను ఏమంటారో రాసి ఈ పేజీకి పంపండి. హోసూరు మాట ఒకటి, బరంపురం మాట ఒకటి, భివండి మాట ఇంకొకటి కావచ్చు. ఆ మాటలతో పది ఆసనాలకు సూచనలు, ఒళ్లున్నవారికి చేసుకోవలసిన మార్పులతో సహా, గోడకు అంటించుకునేంత పెద్ద అక్షరాల్లో ఇక్కడ అచ్చువేస్తాం.